వేడెక్కాకే ట్రిప్ అయ్యే ఓవెన్: వైరింగ్ లోపం దొరికేదాకా నా అనుభవం

ఆర్డర్ల మీద పనిచేసే మా కిచెన్‌లోని చిన్న కన్వెక్షన్ ఓవెన్ (లోపల ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పేది) మే చివర్లో మొరాయించడం మొదలుపెట్టింది. మళ్లీ దాన్ని నమ్మి ట్రేలు పెట్టగలిగింది జులైలోనే. ఈ మధ్యలో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఎందుకంటే సమస్య చెప్పినప్పుడల్లా అందరి నోటా ఒకటే మాట వచ్చింది: "ఎలిమెంట్ పోయుంటుంది, మార్చేయండి." మా ఓవెన్‌లో వేడి పుట్టించే ఎలిమెంట్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. పోయింది ఒక లగ్గు (వైరు చివరన ఉండే లోహపు క్లిప్పు), ఒక రబ్బరు గ్రోమెట్ (వైరు దూరే రంధ్రం అంచుకి పెట్టే రింగు), జానెడు వైరు. ఆ సంగతి తేలడానికి నెల పట్టింది.

మెషీన్ ఏంటో ముందు చెప్పాలి. బల్ల మీద పెట్టుకునేది, సింగిల్ ఫేజ్, 230 వోల్టులు, 3 కిలోవాట్లు. లోపల ఫ్యాన్ చుట్టూ 1.5 కిలోవాట్ల ఎలిమెంట్లు రెండు. ముందువైపు ఆన్ ఆఫ్ స్విచ్, టైమర్, వేడి ఎంత ఉండాలో పెట్టే థర్మోస్టాట్ నాబ్, రెండు చిన్న లైట్లు. పచ్చ లైటు కరెంటు ఉందని చెప్తుంది, నారింజ లైటు హీటింగ్ నడుస్తోందని చెప్తుంది. డిస్‌ప్లే గానీ, ఎలక్ట్రానిక్ బోర్డు గానీ లేవు. వారంటీ ఎప్పుడో అయిపోయింది.

మొదట కనిపించింది ట్రిప్ అవడం (కరెంటు దానంతటదే కట్ అవడం) కాదు, ఆలస్యం. మామూలుగా పన్నెండు నిమిషాల్లో 180 డిగ్రీలకు చేరి నారింజ లైటు ఆరిపోయేది. మే చివరి వారంలో కొన్ని రోజులు అరగంటకు కూడా ఆరలేదు. మర్నాడు చూస్తే మళ్లీ మామూలే. వోల్టేజ్ తక్కువగా ఉందేమోనని మీటర్ పెట్టి చూస్తే 228 చూపించింది. అది సరిపోయే వోల్టేజే.

జూన్ మొదటి సోమవారం పొద్దున, రెండో విడత ట్రేలు లోపల ఉండగా కిచెన్ మొత్తం కరెంటు పోయింది. ఫ్రిజ్, ఎగ్జాస్ట్, లైట్లు, అన్నీ. బోర్డు దగ్గరికి వెళ్తే ఎంసీబీలన్నీ (కరెంటు ఎక్కువైతే పడే స్విచ్‌లు) పైకే ఉన్నాయి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్) ఒక్కటే కిందికి పడి ఉంది. పైకి లేపితే వెంటనే పడిపోయింది. ఓవెన్ ప్లగ్ పీకి లేపితే నిలబడింది. గంట తర్వాత, ఓవెన్ చల్లారాక, ప్లగ్ పెడితే ఏమీ జరగనట్టు నడిచింది.

ఆ గంటలో నాకు కలిగిన భయం ట్రేలు పాడైనందుకు కాదు. ఆర్‌సీసీబీ పడిందంటే ఎక్కడో కరెంటు దారి తప్పి బాడీలోకి పోతోందని అర్థం. ఆ స్టీలు బాడీని మేం రోజంతా తాకుతూనే ఉంటాం, తడి చేతులతో, తడి నేల మీద నిలబడి. ఆ రోజు నుంచి ఓవెన్ దగ్గరికి వెళ్లే ప్రతిసారీ గుండెలో చిన్న దడ. నాతో పనిచేసే అమ్మాయికి కూడా చెప్పేశాను, నేను చూడకుండా దాని మీద చెయ్యి వేయొద్దని.

ఆ సాయంత్రమే ఒక నోట్‌బుక్ పెట్టాను. ఓవెన్ ఎప్పుడు ఆన్ చేశాం, నారింజ లైటు ఎంతసేపటికి ఆరింది, ట్రిప్ ఎప్పుడైంది, ఆ సమయానికి ఇంకేం నడుస్తున్నాయి, ఓవెన్ వేడిగా ఉందా చల్లగా ఉందా. చివరికి ఈ కేసు తేల్చింది సగం ఆ నోట్‌బుక్కే. మెకానిక్ వచ్చినప్పుడు "అప్పుడప్పుడు ట్రిప్ అవుతోంది" అని చెప్తే ఆయన చేయగలిగింది తక్కువ. "ఆన్ చేసిన 25 నుంచి 40 నిమిషాల మధ్యలో, వేడెక్కాకే పడుతోంది, చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా పడలేదు" అని చెప్తే సంగతే మారిపోతుంది.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే నాలుగు రోజుల తర్వాత మనిషిని పంపుతామన్నారు. విజిట్ చార్జీ వేరు, పార్టులు వేరు. ఆ నాలుగు రోజులూ ఓవెన్‌ని ముట్టుకోలేదు. ఆర్డర్లు తగ్గించుకున్నాం, కొన్ని వదులుకున్నాం. తర్వాత లెక్క వేస్తే రిపేర్ ఖర్చు కంటే ఈ వదులుకున్న ఆర్డర్లే ఎక్కువ తేలాయి.

శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన టెక్నీషియన్ ముందు ఓవెన్ చల్లగా, బుద్ధిగా కూర్చుంది. ఆయన ప్లగ్ పెట్టి పది నిమిషాలు నడిపాడు. ఏమీ జరగలేదు. వెనక ప్యానెల్ విప్పకుండానే, మల్టీమీటర్‌తో ప్లగ్ పిన్నుల మధ్య ఒకసారి, బాడీకి ఒకసారి పెట్టి చూసి, "ఓవెన్ బాగానే ఉంది మేడమ్, మీ ఆర్‌సీసీబీ మరీ సెన్సిటివ్‌గా ఉంది" అన్నాడు. రెండు దారులు చెప్పాడు. ఆర్‌సీసీబీ తీసేసి 100 మిల్లీఆంపియర్ల లీకేజ్‌కి పడేది పెట్టుకోవడం, లేదంటే ప్లగ్‌లో ఎర్త్ వైరు తీసేయడం. "ఎర్త్ తీసేస్తే ఇంక పడదు" అని భరోసా కూడా ఇచ్చాడు.

పడదు, నిజమే. లీకైన కరెంటు పోవడానికి దారి ఉండదు కాబట్టి బాడీ మీదే కాచుకుని ఉంటుంది, ఎవరైనా తాకితే వాళ్లలోంచి పోతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టేదే మనుషుల ప్రాణం కోసం. 100 దైతే నిప్పు అంటుకోకుండా కాపాడుతుందేమో గానీ, మనిషికి షాక్ కొట్టినప్పుడు దాని మీద ఆధారపడలేం. రెండూ వద్దని చెప్పి, విజిట్ చార్జీ ఇచ్చి పంపేశాను. మీకు ఎవరైనా ఇదే సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి, ఎంత టెన్షన్‌లో ఉన్నా సరే.

ఆయన మాటలో నిజం ఎంతో తేల్చుకోవాలి కదా. కిచెన్ వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. వచ్చే సోమవారం గానీ కుదరదన్నాడు. ఆ రోజు టెస్టర్‌తో ఆర్‌సీసీబీని పరీక్షించాడు. అది మెల్లగా లీకేజ్ పెంచుతూ పోయి ఎక్కడ పడుతుందో చూపిస్తుంది. మాది 24 మిల్లీఆంపియర్ల దగ్గర పడింది. 30 రేటింగ్ ఉన్నది 15 కీ 30 కీ మధ్య ఎక్కడ పడినా సరైనదే అని చెప్పాడు. తర్వాత ఓవెన్ ప్లగ్ తీసేసి, ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్లే వైరు) రెండింటినీ కలిపి లీకేజ్ క్లాంప్ మీటర్‌లో (వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చినదానికీ తేడా చూపేది) పెట్టి చూస్తే కిచెన్ మొత్తానికి 4 మిల్లీఆంపియర్ల దాకా ఉంది. ఫ్రిజ్, మిక్సర్ లాంటివి అన్నీ తలా కొంచెం లీక్ చేస్తాయట, అది మామూలేనట. కాబట్టి దోషం బోర్డులో లేదు, ఓవెన్‌లోనే ఉంది. ఇంత తెలిశాక నాకు మొదటిసారి కొంచెం ఊపిరి ఆడింది.

ఆ వారంలోనే ఇంకో విచిత్రం నోట్‌బుక్‌లో చేరింది. ఓవెన్ నడిపి, టైమర్ అయిపోయి, స్విచ్ కూడా ఆఫ్ చేశాం. ప్లగ్ మాత్రం సాకెట్‌లోనే ఉంది. పక్కన పెద్ద మిక్సర్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడింది. ఆఫ్‌లో ఉన్న ఓవెన్ ఎలా ట్రిప్ చేయిస్తుంది? మిక్సర్‌దే తప్పేమో అనుకుని దాన్ని వేరే రోజు ఓవెన్ ప్లగ్ తీసేసి ఎంతసేపు నడిపినా ఏమీ కాలేదు. అర్థం కాకపోయినా రాసి పెట్టాను.

తర్వాత ఒక వర్క్‌షాప్‌ని అడిగాను. ఫోన్‌లోనే ఎస్టిమేట్ చెప్పారు: రెండు ఎలిమెంట్లు, థర్మోస్టాట్, జనరల్ సర్వీస్. మొత్తం కలిపితే కొత్త ఓవెన్ ధరలో మూడో వంతు. "ఏ రీడింగ్ చూసి చెప్తున్నారు?" అని అడిగితే, "ఈ టైపు ఓవెన్లలో మామూలుగా పోయేవి ఇవే మేడమ్" అన్నారు. మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్) చూసి రీడింగ్ రాసిస్తారా అంటే కుదరదన్నారు. ఓవెన్‌ని అక్కడ ఇవ్వలేదు.

ఎలిమెంట్‌ని అనుమానించడంలో అర్థం లేకపోలేదు. ఎలిమెంట్ గొట్టం లోపల కాయిల్‌కీ బయటి లోహానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. కొన్నాళ్లు వాడకుండా వదిలేస్తే చివర్ల నుంచి తేమ పీల్చుకుని లీకవుతుంది. కానీ అలా తేమ పట్టిన ఎలిమెంట్ చల్లగా ఉన్నప్పుడు ట్రిప్ చేస్తుంది, వేడెక్కి ఆరేకొద్దీ బాగుపడుతుంది. మాది సరిగ్గా దానికి ఎదురు. ఈ విషయం నాకు చెప్పింది చివరికి దొరికిన మెకానిక్ గారు. ముప్పై ఏళ్లుగా హోటల్ మెషీన్లు బాగుచేస్తున్న పెద్దాయన. ఫోన్‌లో నా నోట్‌బుక్ చదివి వినిపిస్తే, మధ్యలో ఆపకుండా మొత్తం విన్నారు. ఆఫ్‌లో ఉన్నప్పుడు మిక్సర్‌తో పడిన సంగతి రెండోసారి చెప్పించుకున్నారు. ఆ తర్వాత ఒకటే అన్నారు: "నేను పొద్దున్నే వస్తానమ్మా. నేనొచ్చాకే ఆన్ చేయండి. అది పడేదాకా పక్కనే కూర్చుంటాను."

ఈ మాట విన్నాకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. అయితే ఆయనకు తీరిక దొరకడానికి ఇంకో వారం ఆగాల్సి వచ్చింది.

జూన్ మూడో వారంలో ఒక బుధవారం, ఏడింటికల్లా వచ్చారు. సంచిలోంచి ముందుగా ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ తీశారు. దాని పై తొడుగు కొంతమేర తీసేసి, లోపలి మూడు వైర్లూ వాటి ఇన్సులేషన్‌తో విడివిడిగా బయటికి తెచ్చి ఉన్నాయి. క్లాంప్ మీటర్‌ని మొత్తం కేబుల్ చుట్టూ పెడితే వెళ్లేదీ తిరిగొచ్చేదీ కొట్టేసుకుని కరెంటు తెలియదు కాబట్టి ఇది తయారుచేసుకున్నారట. ఓవెన్ ఆన్ చేసి, నారింజ లైటు వెలిగాక, ఒక్క ఫేజ్ వైరు చుట్టూ క్లాంప్ పెట్టారు. 6.7 ఆంపియర్లు.

"మూడు కిలోవాట్లకు పదమూడు రావాలమ్మా. ఇది సగమే లాగుతోంది. ఒక ఎలిమెంట్‌కి కరెంటు అందట్లేదు."

మే నెల నుంచి నన్ను వేధించిన ఆలస్యానికి జవాబు అలా రెండు నిమిషాల్లో దొరికింది. ఏ స్క్రూ విప్పకుండానే.

తర్వాత ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి లీకేజ్ క్లాంప్‌లో పెట్టి, స్టూల్ వేసుకుని కూర్చున్నారు. 1.4 మిల్లీఆంపియర్లు. పది నిమిషాలకీ అంతే. ఇరవై నిమిషాలు దాటాక అంకె ఒక్కసారిగా 9 కి ఎగిరి, మళ్లీ 1.5 కి దిగింది. ఇంకాసేపటికి 14, మళ్లీ కిందికి. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆయన మాత్రం తల ఊపుతూ, "ఎలిమెంట్ లీకైతే మెల్లగా పెరుగుతూ పోతుంది. ఇలా ఎగిరెగిరి పడదు. ఎక్కడో వైరు బాడీని తాకీ తాకనట్టు ఉంది" అన్నారు. ఆ మాట పూర్తయిన కాసేపటికే కిచెన్ అంతా చీకటైంది. ట్రిప్ అయినందుకు సంతోషపడ్డది ఆ ఒక్కసారే.

ఇక విప్పడం. ప్లగ్ పీకి, దాన్ని ఓవెన్ పైనే, తన కంటికి ఎదురుగా పెట్టుకున్నారు. పని మధ్యలో ఎవరూ తెలియక పెట్టేయకుండా. మీటర్‌ని ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందని చూసి, తర్వాత ఓవెన్ టెర్మినల్ బ్లాక్ మీద పెట్టి సున్నా అని నిర్ధారించుకున్నారు. వెనక ప్యానెల్ తీయగానే నన్ను ఫోటోలు తీయమన్నారు, ఏ వైరూ కదపకముందే, నాలుగు వైపుల నుంచి. ప్యానెల్ లోపలివైపు వైరింగ్ డయాగ్రమ్ కాగితం అతికించి ఉంది. ఇన్నేళ్లుగా అది అక్కడ ఉందని నాకు తెలియదు. దాన్నీ ఫోటో తీశాను.

రెండో ఎలిమెంట్ ఫేజ్ వైపు లగ్గు కంటికే తెలిసిపోయింది. మిగతా మూడూ వెండి రంగులో ఉంటే ఇది నీలం, గోధుమ కలిసిన రంగుకి తిరిగింది. దాని నుంచి రెండంగుళాల దాకా వైరు మీది ఇన్సులేషన్ నల్లబడింది. ఆయన ప్లయర్‌తో పట్టుకోగానే లగ్గు విరిగి చేతిలోకి వచ్చింది, ఇన్సులేషన్ ఎండుటాకులా పొడిపొడిగా రాలింది. మల్టీమీటర్‌తో ఎలిమెంట్లు విడివిడిగా చూస్తే రెండూ 35 ఓమ్‌ల దగ్గరే ఉన్నాయి. 230 వోల్టుల దగ్గర 1.5 కిలోవాట్లకు రావలసింది అంతే. అంటే ఎలిమెంట్ బాగుంది, దానికి కరెంటు తెచ్చే కీలు తెగింది. లగ్గు బిగువు తగ్గిన చోట రెసిస్టెన్స్ పెరుగుతుంది, అక్కడే వేడి పుడుతుంది. వేడికి బిగువు ఇంకా తగ్గుతుంది. ఆరున్నర ఆంపియర్లు పారే చోట ఒక్క ఓమ్ అడ్డం పడినా నలభై వాట్ల పైన వేడి అక్కడే పుడుతుంది. వేలి గోరంత లగ్గు మీద అది చాలా ఎక్కువ. నెలల తరబడి అలా కాలుతూ ఉండుంటుందన్నారు.

కానీ దీంతో ట్రిప్ ఎందుకవుతోందో తెలియలేదు. ఓవెన్ ఇంకా వేడిగా ఉండగానే మెగ్గర్ తీశారు. మామూలు మల్టీమీటర్ కొన్ని వోల్టులతోనే పరీక్షిస్తుంది, ఇది 500 వోల్టులతో. మొదటి టెక్నీషియన్‌కి ఏమీ కనబడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఎలిమెంట్ల వైర్లు విప్పేసి, ఒక్కొక్కదాన్నీ బాడీకి చూశారు. ఒకటి 50 మెగాఓమ్‌ల పైన, రెండోది 20 కి కొంచెం అటూ ఇటూ. వేడి మీద ఇవి చాలా మంచి రీడింగులట. ఫ్యాన్ మోటారు బాగుంది. మిగిలింది వైర్ల కట్ట. నీలం వైరుకి, అంటే న్యూట్రల్‌కి, మెగ్గర్ పెట్టి చూస్తే అదీ బాగానే చూపించింది.

అప్పుడాయన ఒక చెక్క పుల్లతో వైర్ల కట్టను అక్కడక్కడా మెల్లగా నొక్కడం మొదలుపెట్టారు. నన్ను మీటర్ చూస్తూ అంకె చెప్పమన్నారు. ముందు ప్యానెల్ దగ్గర, మార్పు లేదు. కాంటాక్టర్ (ఎలిమెంట్లకు కరెంటు కలిపే స్విచ్) దగ్గర, లేదు. మధ్యలో ఉన్న రేకు అడ్డు దగ్గర నొక్కగానే అంకె ధడాలున సున్నాకి పడిపోయింది. నేను గట్టిగానే అరిచి ఉంటాను.

ఆ రేకులో వైర్లు పోవడానికి ఒక రంధ్రం ఉంది. రంధ్రం అంచుకి రబ్బరు గ్రోమెట్ ఉండాలి. అది గట్టిపడి, చిట్లి, సగం ముక్క కింద పడి ఉంది. వైర్ల కట్టను పైకి పట్టి ఉంచాల్సిన కేబుల్ టై కాలిన లగ్గు వేడికి పెళుసై తెగిపోయింది. దాంతో కట్ట కిందికి జారి, రేకు అంచు మీద బరువు మోపింది. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా వచ్చే అదురుకి అంచు నీలం వైరు ఇన్సులేషన్‌ని కోస్తూ పోయింది. టార్చి వేసి భూతద్దంలో చూస్తే బియ్యపు గింజంత మేర రాగి మెరుస్తోంది. ఓవెన్ చల్లగా ఉన్నప్పుడు ఆ రాగికీ రేకుకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ. వేడికి రేకు వ్యాకోచిస్తే ఆ ఖాళీ పోతుంది. అందుకే వేడెక్కాకే పడేది.

మిక్సర్ చిక్కుముడి కూడా అక్కడే వీడింది. మా ఓవెన్ స్విచ్ ఫేజ్‌ని మాత్రమే కట్ చేస్తుంది. ఆఫ్ చేసినా న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఆ న్యూట్రల్ బాడీని తాకి ఉన్నప్పుడు పక్కన మిక్సర్ ఆన్ చేస్తే, మిక్సర్ నుంచి తిరిగొచ్చే కరెంటులో కొంత ఓవెన్ ద్వారా ఎర్త్‌లోకి పోతుంది. ఆర్‌సీసీబీకి లెక్క తేడా వచ్చి పడిపోతుంది. "ఆఫ్‌లో ఉన్నా పడిందని మీరు చెప్పినప్పుడే న్యూట్రల్ మీద అనుమానం వచ్చిందమ్మా" అన్నారు. నోట్‌బుక్ రాసినందుకు ఆ క్షణంలో ఎంత సంతోషమేసిందో.

లోపం దొరికింది గానీ ఓవెన్ ఆ రోజు బాగవలేదు. పార్టుల కోసం ఇంకో నిరీక్షణ. మామూలు షాపుల్లో దొరికేది పీవీసీ వైరు. అది 70 డిగ్రీల దాకానే. సిలికాన్ వైరు 180 దాకా తట్టుకుంటుంది, కంట్రోల్ ప్యానెల్ వైపుకి అది చాలు. ఎలిమెంట్ టెర్మినళ్ల దగ్గరికి మాత్రం 350 డిగ్రీలు తట్టుకునే గ్లాస్ ఫైబర్ వైరే వేయాలన్నారు. లగ్గులు కూడా మామూలు ఇత్తడివి కాకుండా నికెల్ పూత వేసిన స్టీలువి. ఇత్తడివి ఆ వేడికి బిగువు పోగొట్టుకుంటాయట. ఆయన రాసిచ్చిన చీటీ: 1.5 స్క్వేర్ ఎంఎం గ్లాస్ ఫైబర్ వైరు రెండు మీటర్లు, అంతే మందం సిలికాన్ వైరు రెండు మీటర్లు, 6.3 మిల్లీమీటర్ల నికెల్ లగ్గులు, సిలికాన్ గ్రోమెట్, వేడికి కరగని స్టీలు టైలు.

ఆర్డర్ పెట్టిన ఆరో రోజు పార్సిల్ వచ్చింది. లగ్గులు 6.3 కి బదులు 4.8 వి పంపారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పక్కపక్కన పెడితే గానీ తేడా తెలియదు. 4.8 ది మా ఎలిమెంట్ ట్యాబ్ (లగ్గు తగిలించే రేకు ముక్క) మీద అసలు ఎక్కదు. వాపసు, మళ్లీ ఎదురుచూపు, ఇంకో వారం. ఈ వారమే నాకు అన్నిటికంటే కష్టంగా గడిచింది. కారణం తెలిసి, బాగుచేసే మనిషి ఉండి, వేలెడంత సామాను కోసం పని ఆగిపోయింది. వెనక ప్యానెల్ తీసేసి ఉన్న ఓవెన్ మీద గుడ్డ కప్పి, ప్లగ్‌కి టేపు చుట్టి, "పెట్టవద్దు" అని రాసి ఉంచాం. స్క్రూలు ఏ వరసవి ఆ వరసగా ఒక అట్టకి గుచ్చి పెట్టాను. తర్వాత బిగించేటప్పుడు అది బాగా పనికొచ్చింది. అన్నీ ఒకే పొడవు కావవి.

జులై మొదటి వారంలో రిపేర్ జరిగింది. అసలు పని రెండు గంటలకు మించలేదు. పాత వైరుకి అతుకు వేయకుండా ఆ రెండు వైర్లనూ మొదటి నుంచి చివరిదాకా కొత్తవే లాగారు. కంట్రోల్ వైపు సిలికాన్‌ది, రేకు అడ్డు దాటాక గ్లాస్ ఫైబర్‌ది. రెండూ కలిసే చోట పింగాణీ కనెక్టర్ వేసి, దాన్ని వేడికి దూరంగా బిగించారు. లగ్గుల్ని క్రింపింగ్ టూల్‌తో నొక్కి, ఒక్కొక్కదాన్నీ చేత్తో గట్టిగా లాగి చూశారు. సోల్డర్ వేస్తే ఇంకా గట్టిగా ఉండదా అని అడిగాను. మామూలు టిన్-లెడ్ సోల్డర్ 200 డిగ్రీల లోపే కరిగిపోతుంది, ఎలిమెంట్ దగ్గర అది నిలవదన్నారు. ఎలిమెంట్ ట్యాబ్ మీది నల్లదనాన్ని సన్నటి ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దారు. పాడైన ట్యాబ్ మీద కొత్త లగ్గు పెడితే కొన్ని నెలల్లో అదే కథ మళ్లీ మొదలవుతుందట. గ్రోమెట్ బిగించి, కట్టను స్టీలు టైతో రేకు అంచుకి దూరంగా పైకి కట్టారు. కాంటాక్టర్ స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూశారు, ఒకటి పావు చుట్టు తిరిగింది. ప్లగ్, సాకెట్ కూడా విప్పి చూశారు. సాకెట్ ఫేజ్ రంధ్రం లోపల కొంచెం గోధుమ రంగు మరక కనిపిస్తే, ఎలక్ట్రీషియన్‌తో దాన్ని మార్పించమన్నారు. ఆ సాయంత్రమే మార్పించాను.

కరెంటు ఇచ్చేముందు వరసగా పరీక్షలు. ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి బాడీకి 0.1 ఓమ్. ఫేజ్, న్యూట్రల్ కలిపి బాడీకి 500 వోల్టుల దగ్గర 18 మెగాఓమ్‌లు. కనీసం 1 ఉండాలన్నారు. పుల్లతో ఎక్కడ నొక్కినా అంకె కదల్లేదు. అప్పుడు ప్లగ్ పెట్టి ఆన్ చేస్తే, క్లాంప్‌లో 13.1 ఆంపియర్లు. పన్నెండో నిమిషం దాటకముందే నారింజ లైటు ఆరింది. ఆ చిన్న లైటు ఆరడం చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. గంటన్నర నడిపి, లీకేజ్ 1.6 మిల్లీఆంపియర్ల దగ్గర స్థిరంగా ఉందని చూశాకే ఆయన స్టూల్ మీద నుంచి లేచారు. చివర్లో మిక్సర్ ఆన్ చేయించి కూడా చూశారు. ఏమీ పడలేదు.

ఖర్చు సంగతి. ఆయన మజూరీ, పార్టులు, కొత్త సాకెట్ అన్నీ కలిపినా వర్క్‌షాప్ చెప్పిన ఎస్టిమేట్‌లో పావు వంతు కూడా కాలేదు. అందులో పార్టులది చాలా తక్కువ, ఎక్కువ భాగం ఆయన రెండు పూటలు కూర్చున్న సమయానికి. ఆ డబ్బు నేను మనస్ఫూర్తిగా ఇచ్చాను. కూర్చుని చూసినందుకే కదా దొరికింది. మొదటి విజిట్ చార్జీ, ఆర్‌సీసీబీ పరీక్షకి ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చింది వేరు. ఆ పరీక్ష డబ్బు దండగ కాలేదు. బోర్డు మీద అనుమానం అక్కడితో తీరిపోయింది.

తర్వాత కూడా భయం వెంటనే పోలేదు. మొదటి పది రోజులు ఓవెన్ ఆన్ చేసిన అరగంటకి నా చూపు దానంతటదే బోర్డు వైపు వెళ్లేది. ఇప్పుడు తగ్గింది. నారింజ లైటు ఆరే సమయం మాత్రం రోజూ రాస్తున్నాను. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలకు పాకితే ఏదో ఒక లగ్గు మళ్లీ వదులవుతోందని ముందే తెలుస్తుంది, అది కాలి ఇంకోదాన్ని పాడుచేసేలోపే. మూడు నెలలకోసారి వెనక ప్యానెల్ తీసి గ్రోమెట్, లగ్గుల రంగు చూడటానికి ఆయనే వస్తానన్నారు. డోర్ దగ్గరి మైక్రోస్విచ్ (డోర్ మూసిందో లేదో కనిపెట్టే చిన్న స్విచ్) కూడా కొంచెం వదులుగా ఉందని వెళ్తూ వెళ్తూ చూపించారు. ఇప్పటికి పనిచేస్తోంది కాబట్టి ముట్టుకోలేదు. అక్టోబరులో వచ్చినప్పుడు అది మార్చాలి, పార్టు ముందే తెప్పించి పెట్టాను.